పది బిళ్ళ చెల్లదంట

మా అమ్మ చేతిలో పడిన పది రూపాయల నోటు నెల రోజులు బతికితే గొప్ప. బట్టల కొట్టు గల్లాపెట్టెలో తిరిగే నోటు ఏళ్ళ తరబడి దర్జాగా ఉంటుందేమో, నాకు తెలియదు. మా ఇంటికి వచ్చిన నోటుకి మాత్రం ఆయుష్షు తక్కువ. అమ్మ చేపలు అమ్ముతుంది. పొద్దున్నే గోదావరి రేవుకి వెళ్ళి, వేలంపాటలో చేపలు కొని, తట్టలో నెత్తిన పెట్టుకొచ్చి, మా ఊరి మార్కెట్టు గేటు పక్కన మురిక్కాలువ అంచున గోనెపట్టా పరిచి కూర్చునేది. ఒక చేత్తో చేపని పట్టుకోవాలి, రెండో చేత్తో కత్తిపీట మీద తిప్పాలి, డబ్బు అందుకోవడానికి దేవుడు మూడో చెయ్యి ఇవ్వలేదు. ఆ తడి చేత్తోనే నోటు తీసుకుని, రొంటిన దోపుకున్న గుడ్డసంచిలో కుక్కేది. చెమటా, చేపనీళ్ళూ, కరిగిన ఐసూ అన్నీ కలిసి సాయంత్రానికి ఆ నోట్లన్నీ ఒక ముద్దయిపోయేవి.

ఆ ముద్దని విడదీసి ఆరబెట్టడం చిన్నప్పుడు నా పని. అన్నం ఉడుకుతుంటే గిన్నె మూత మీద ఒక్కొక్క నోటూ పరిచేదాన్ని. మూత వేడికి నోటు కొసలు పైకి లేచేవి, అప్పుడు తిరగెయ్యాలి. ఆలస్యమైతే మధ్య మడత దగ్గర పెళ్ళున విరిగేది. ఆరిన తరవాత దాని మీద మొహానికి రాసుకునే పౌడరు చల్లి, అరచేత్తో రుద్ది, నోట్సు పుస్తకంలో పెట్టేదాన్ని. ఎందుకంటే ఆ నోట్లు పట్టుకుని నేను స్కూలుకి వెళ్ళాలి. ఒకటి మాత్రం ఖాయంగా చెప్పగలను, పౌడరూ నీసూ కలిస్తే వచ్చే వాసన ఉత్త నీసు కంటే దరిద్రంగా ఉంటుంది.

ఆరో తరగతిలో ఫీజు కట్టడానికి వెళితే ఆఫీసు గుమాస్తాగారు నా నోట్లని రెండు వేళ్ళతో కొసన పట్టుకుని పైకెత్తారు. "ఏంటమ్మా ఇది, నీసు కంపు! మీ ఇంట్లో ఇంకేం నోట్లు లేవా?" అన్నారు. నా వెనక లైన్లో నా క్లాసు పిల్లలందరూ ఉన్నారు. ఇంటికొచ్చి సంచి విసిరికొట్టి, ఇంక నీ నోట్లు నేను పట్టుకెళ్ళనని అమ్మతో దెబ్బలాడాను.

అమ్మ బాధపడుతుందనుకున్నాను. ఆవిడకి కోపమొచ్చింది. "మొన్న ఆదివారం మీ గుమాస్తా నా దగ్గర కిలో శీలావతి పట్టుకెళ్ళాడు కదా, అప్పుడు ముక్కు ఇంట్లో పెట్టొచ్చాడంటా? చేపకి లేని కంపు నోటుకెక్కడి నుంచొచ్చిందో రేపెళ్ళి కనుక్కునిరా" అంది. నేను వెళ్ళి అడగలేదు. అడగనందుకు ఇప్పటికీ నా మీద నాకు కోపమే.

వాసన సంగతి అలా ఉంచితే, ఆ నోట్ల వల్ల అసలు నష్టం వేరే ఉంది. మడత దగ్గర తెగినవీ, అంచులు నానిపోయినవీ ఎవరూ తీసుకునేవారు కాదు. కాగితం అతికించినా, గమ్ముతో మెత్తినా ఇట్టే కనిపెట్టేసేవారు. రాజమండ్రి బస్టాండు దగ్గర చిరిగిన నోట్లు మార్చే ఒకాయన చిన్న బల్ల వేసుకుని కూర్చునేవాడు. నెలకోసారి అమ్మ ఆ చచ్చిన నోట్లన్నీ మూటగట్టి ఆయన దగ్గరికి తీసుకెళ్ళేది. పదికి ఎనిమిది ఇచ్చేవాడు, మరీ పాడైతే ఆరు. "ఎండలో కూర్చుని సంపాదించింది నేను. తడిసిందని రెండ్రూపాయలు నరికేది వీడు. చేపనైతే నేను నరుకుతాను, నన్ను వీడు నరుకుతున్నాడు" అని బస్సులో తిట్టుకుంటూ వచ్చేది.

అందుకే పది రూపాయల బిళ్ళ వచ్చినప్పుడు మా ఇంట్లో పండగయింది. చుట్టూ పసుపు, మధ్యలో తెలుపు. అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి "కోడిగుడ్డు తిరగేశారే!" అంది. చేపనీళ్ళలో వేసింది, తీసింది, చింతపండు పెట్టి తోమింది. నిగనిగలాడింది. చిరగదు, నానదు, కంపు కొట్టదు. తోమితే చాలు, ఎప్పటికప్పుడు కొత్తదే. నోటు బతికేది నెల, ఇది నా మనవలు కూడా వాడుకోవచ్చు అని లెక్కేసుకుంది. ఆ రోజు నుంచి చేతికొచ్చిన ప్రతి పది బిళ్ళనీ ఖాళీ పెయింటు డబ్బాలో వెయ్యడం మొదలుపెట్టింది.

ఆవిడ బిళ్ళలు లెక్కపెట్టేది కాదు, తూచేది. కిలోకి నూట ముప్పై బిళ్ళలు తూగుతాయని కాటా మీద ఒకసారి తేల్చుకుంది. ఆ తరవాత ఎవరైనా ఎంత దాచావమ్మా అని అడిగితే "ఏడు కిలోలు దాటింది" అని చెప్పేది. విన్నవాళ్ళు చేపల గురించి అనుకునేవారు.

తరవాత ఆ పుకారు పుట్టింది. పది బిళ్ళ చెల్లదంట.

ఎవరు పుట్టించారో తెలియదు. ముందు కూరగాయల కొట్టాయన అన్నాడు. తరవాత పాలబ్బాయి, తరవాత మందుల షాపు, తరవాత ఊరు ఊరంతా. పది గీతలున్నది చెల్లుతుందంట, పదిహేను గీతలున్నది చెల్లదంట. కాకినాడలో తీసుకుంటున్నారంట, మన దగ్గరే ఆపేశారంట. చెల్లుతుందని టీవీలో ఎన్నిసార్లు చెప్పినా ఎవరికీ ఎక్కలేదు. నేను ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు చెప్తాను. ఈ 'అంట' ఎంత గడుసు ముక్కో అప్పుడు తెలిసొచ్చింది నాకు. చెల్లదు అన్నవాడు నిలబడి సమాధానం చెప్పాలి. చెల్లదంట అన్నవాడు చెప్పక్కర్లేదు. మాట మాత్రం వాడి నోట్లోంచే వస్తుంది, పాపం మాత్రం ఎవరిదో.

అమ్మకి ఈ వ్యాకరణం నాకంటే ముందే తెలుసు. బిళ్ళ వద్దన్న ప్రతివాడినీ ఒకటే అడిగేది. "ఎవరంట? ఆ అంట అన్నోడెవడో ఓసారి నా ముందుకి తీసుకురా." ఎవరూ తీసుకురాలేదు. మా పక్కింటావిడ అన్నవరం వెళ్తూ, నీ బిళ్ళలు ఇలా ఇస్తే హుండీలో వేసొస్తాను, పుణ్యమైనా దక్కుతుంది కదా వదినా అని మంచి మనసుతోనే అడిగింది. అమ్మ ఆవిడ వైపు తిరిగి, "చెల్లేదైతే నేనెందుకు వదులుకోవాలి? చెల్లనిదైతే సత్యనారాయణస్వామికెందుకు అంటగట్టాలి? ఆయన నాకేం అపకారం చేశాడు?" అంది. పక్కింటావిడ నవ్వుకుంటూ వెళ్ళిపోయింది.

ఇక్కడ నా సంగతి కూడా చెప్పాలి, దాచుకుంటే లాభం లేదు. ఒకరోజు అమ్మా నేనూ షేరాటోలో వస్తున్నాం. దిగేటప్పుడు డ్రైవరు నాకు చిల్లరిస్తూ అందులో పది బిళ్ళ ఒకటి పెట్టాడు. ఆలోచించకుండానే నా నోట్లోంచి వచ్చేసింది. "ఇది వద్దండి, చెల్లదంట కదా, నోటివ్వండి."

అమ్మ నా ఎదురు సీట్లో ఖాళీ తట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. ఒక్క క్షణం నా వైపు చూసి, డ్రైవరు ముందుకి చెయ్యి చాపింది. "ఇలా తెండి బాబూ, నాకు చెల్లుద్ది." బిళ్ళ రొంటిన దోపుకుని, తన దగ్గరున్న నోటు తీసి నా చేతిలో పెట్టింది. తడి నోటు. ఇంటికొచ్చాక గుమ్మంలో చెప్పులు విడుస్తూ అంది. "పిల్లలకి పాఠాలు చెప్పేదానివి. నువ్వు కూడా అంట అంటే ఎలాగే?"

ఎందుకన్నానో నాకు తెలుసు. ప్రతి కొట్టు దగ్గరా వాదన పెట్టుకునే ఓపిక నాకు లేదు. టీచరమ్మ పది రూపాయల కోసం గొడవ పడుతోందని నలుగురూ అనుకోకూడదు. అంతే. మర్యాద కోసం అమ్మ కష్టాన్ని చెల్లదనేశాను. దానికి పేరు పిరికితనం తప్ప ఇంకోటి లేదు.

ఆ ఏడే మార్కెట్టులో చేపలవాళ్ళకి కొత్త షెడ్డు వేశారు. పైన రేకులు, కింద నాపరాళ్ళు పరిచిన అరుగులు, మధ్యలో నీళ్ళ కుళాయి. అరుగులు పదే ఉన్నాయి, చేపలమ్మే ఆడవాళ్ళు ఇరవై మందికి పైనే. మార్కెట్టు వేలంలో పాడుకున్న కాంట్రాక్టరు, అరుగుకి ఇరవై వేలు అడ్వాన్సు కట్టినవాళ్ళకి ముందు ఇస్తానన్నాడు. శనివారం సాయంత్రం ఆఖరు. అమ్మకి మేడలూ నగలూ ఏవీ అక్కర్లేదు. ఆ అరుగు కావాలి. ఇరవై ఏళ్ళ పైబడి మురిక్కాలువ పక్కన గొంతుక్కూర్చుని ఆవిడ మోకాళ్ళు అరిగిపోయాయి. వానొస్తే కాలవ పొంగి గోనెపట్టా కిందకి వచ్చేది. కుళాయికి రెండో అరుగు చూసుకుని, దాని మీద చెయ్యి వేసి నిమిరి వచ్చింది. "ఇక్కడైతే కాళ్ళు కిందకి జాపుకుని కూర్చోవచ్చే" అంది నాతో, చిన్నపిల్లలా.

ఇంట్లో డబ్బా తూచాం. పదిహేను కిలోల అయిదొందలు. ఇరవై వేలకి పైన కాస్త మిగులుతుంది. అన్నీ పది బిళ్ళలే.

బుధవారం బ్యాంకుకి తీసుకెళ్ళాం. కౌంటర్లో ఆయన డబ్బా లోపలికి చూసి, "ఇన్ని లెక్కపెట్టడానికి మనుషుల్లేరండి, సోమవారం వచ్చి కనబడండి" అన్నాడు. మాకున్నది శనివారం దాకానే అంటే, దానికి నేనేం చేస్తానండి అన్నాడు. ఊళ్ళో ఉన్న కొట్లన్నీ తిరిగాను. ఒకటి రెండు బిళ్ళలే తీసుకోనివాళ్ళు రెండు వేల బిళ్ళలు తీసుకుంటారా? స్కూల్లో అప్పు అడుగుతానన్నాను. తోటి టీచర్లు తలా కాస్త సర్దుతామన్నారు కూడా. అమ్మ వద్దంటే వద్దంది. "వాళ్ళ నోట్లు పెట్టి కొంటే నా బిళ్ళలు చెల్లవని నేనే ఒప్పుకున్నట్టు కాదూ? అయిదారేళ్ళ కష్టం ఆ డబ్బాలో ఉంది. అది చెల్లకపోతే ఆ అయిదారేళ్ళూ నేనేం చేసినట్టు?" శుక్రవారానికి ఎనిమిది అరుగులు పోయాయి.

శనివారం మధ్యాహ్నం డబ్బాకి చెరోపక్కా పట్టుకుని, ఆగుతూ ఆగుతూ మార్కెట్టు గేటు పక్కనున్న కాంట్రాక్టరు గదికి తీసుకెళ్ళాం. కాంట్రాక్టరు లేడు, ఆయన దగ్గర పనిచేసే గుమాస్తా ఉన్నాడు. రోజూ సాయంత్రం తట్టకి పది రూపాయల చొప్పున మా వాళ్ళందరి దగ్గరా ఆశీలు వసూలు చేసేది ఆయనే. అమ్మ డబ్బా మూత తీసి చూపించింది. ముందు రోజే తోమింది కాబట్టి బిళ్ళలు మెరుస్తున్నాయి.

"ఏంటమ్మా ఇవి? పది బిళ్ళలు చెల్లవంట కదా. నోట్లు పట్రండి" అన్నాడు.

అమ్మ గొంతు పెంచలేదు. "ఆయ్, అలాగేనండి. ఆ ముక్కే ఓ కాయితం మీద రాసి సంతకం పెట్టియ్యండి. పట్టుకుని ఎళ్ళిపోతాను."

"రాయడమేంటి?"

"పది బిళ్ళ చెల్లదు అందుకని ఈవిడ డబ్బు పుచ్చుకోలేదు, అని."

"నాకు రాసే టైం లేదమ్మా. బోల్డు పనుంది."

"మా అమ్మాయి తెలుగు టీచరండి. ఆవిడ రాస్తది. మీరు సంతకం పెడితే చాలు."

నా వైపు తిరిగింది. నాకు ఆ గదిలోంచి తప్పించుకుని పారిపోవాలనే అనిపించింది, అబద్ధమెందుకు. అమ్మ మళ్ళీ నన్ను చూడకుండా డబ్బా మూత పట్టుకుని నిలబడింది. ఇంకోసారి అడక్కుండానే అలా నిలబడిన ఆవిణ్ణి చూస్తే నాకు కోపమొచ్చింది, నా మీదే. సంచిలోంచి నోట్సు తీసి, కాగితం చింపి రాశాను. రాసింది క్లాసులో చదివినట్టు గట్టిగా, ఒక్కో అక్షరం పలుకుతూ చదివాను. "పది రూపాయల నాణెములు చెల్లవు కనుక, చేపల షెడ్డులో అరుగు నిమిత్తము ఈమె తెచ్చిన ఇరవై వేల రూపాయలు నేను స్వీకరించలేదు. ఇట్లు." ఇట్లు కింద చోటు వదిలి, కాగితం బల్ల మీద పెట్టి, దాని మీద పెన్ను పెట్టాను.

అప్పటికి గుమ్మం దగ్గర చేపలమ్మేవాళ్ళు పదిమంది దాకా చేరారు. వాళ్ళందరి ఇళ్ళల్లోనూ డబ్బానో ముంతో ఉంది, పది బిళ్ళలతో. గుమాస్తా కాగితం వైపు చూశాడు. పెన్ను ముట్టుకోలేదు.

"ఏంటండి ఇది మరీ. చెల్లదని నేనన్నానా? చెల్లదంట అన్నాను."

"ఎవరంటండి?" అంది అమ్మ.

గుమ్మంలో ఎవరో కిసుక్కున నవ్వారు. తరవాత అందరూ నవ్వారు. నవ్వితే ఆయన మొహం ఎర్రబడింది. "అది కాదమ్మా, చెల్లవని కాదు. ఇన్ని ఎవరు లెక్కపెడతారు? సాయంత్రానికి అయ్యే పనేనా?"

"అదీ! చెల్లవని కాదంట, విన్నారా?" అని అమ్మ గుమ్మం వైపు తిరిగింది. "లెక్కే కదండి. ఎవరే, ఆ కాటా ఇలా పట్రండి."

కాటా వచ్చి బల్ల మీదకెక్కింది. ఆయన నమ్మలేదు. నూట ముప్పై బిళ్ళలు స్వయంగా లెక్కపెట్టి కాటా మీద పోశాడు. కిలో చూపించింది. ఇంకో నూట ముప్పై లెక్కపెట్టాడు. మళ్ళీ కిలో. ఆ తరవాత ఊరుకుని కిలోల చొప్పున తూచుకున్నాడు. ఇంకో గంటలో రసీదు రాసిచ్చాడు. అమ్మ పేరు, అరుగు నంబరు, ముట్టిన పైకం. అమ్మ దాన్ని రొంటిన పెట్టుకోలేదు. తడుస్తుందని నా సంచిలో, పుస్తకం మధ్య పెట్టించింది. కుళాయికి రెండో అరుగు అప్పటికే పోయింది. నాలుగోది దొరికింది. "నాలుగోదైతే ఏంటి, నీళ్ళు నాలుగడుగులు నడిచి రావా?" అంది. తిరిగొస్తుంటే నేను ఆ రాసిన కాగితం గురించి అడిగాను. బల్ల మీదే ఉంచేశానంది. ఎప్పుడైనా సంతకం పెట్టాలనిపిస్తే పెట్టుకుంటాడులే అంది.

ఆ రోజు నుంచి నేనూ మారాను. ఏ కొట్లో పది బిళ్ళ వద్దన్నా, రాసివ్వండి అంటాను. కొందరు విసుక్కుంటారు, కొందరు ఇంతలేసి కళ్ళతో చూస్తారు. టీచరమ్మ పది రూపాయలకి గొడవ పడుతోందని అనుకుంటే అనుకోనీ. ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు ఇంతవరకూ రాసివ్వలేదు. ఆఖరికి బిళ్ళ పుచ్చుకుంటారు.

షెడ్డులోకి మారిన రెండో నెలలో ఒక ఆదివారం నేను అమ్మ అరుగు దగ్గరే ఉన్నాను. కాంట్రాక్టరు దగ్గరి ఆ గుమాస్తా వచ్చాడు. ఆశీలుకి కాదు, చేపలకి. వారాంతం కదా, ఇంటికి చుట్టాలొచ్చారట. కిలోన్నర బొచ్చె తూపించుకుని, ముక్కలు కొట్టించుకుని, జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. కవరు నిండా పది బిళ్ళలు. తల వంచుకునే చెప్పాడు.

"మా ఓనరు ఆ రోజువన్నీ నా జీతంలోనే కలిపి ఇస్తున్నారండి. నువ్వే పుచ్చుకున్నావు, నువ్వే మార్చుకో అన్నారు. కొట్లో ఎవరూ తీసుకోవట్లేదు."

నాకు ఎక్కడలేని సంతోషం కలిగింది. దాచుకోను. ఎన్నో ఏళ్ళుగా నోటి దాకా వచ్చి ఆగిపోయిన మాటలన్నీ ఒక్కసారి అనెయ్యాలనిపించింది. "చెల్లవంట కదండీ!" అన్నాను, ఆ అంటని సాగదీసి. అటు పక్క అరుగావిడ, "రాసిచ్చి సంతకం పెట్టమనండి, తీసుకుంటాం" అంది. షెడ్డంతా గొల్లుమంది. ఆయన కవరు మూతి చుట్టేసి వెనక్కి తిరగబోయాడు.

"ఆగండి బాబూ" అంది అమ్మ. కవరు అందుకుని, బిళ్ళలు కాటా మీద పోసి, చేపకి సరిపడా తీసుకుని, మిగిలినవి తిరిగిచ్చేసింది. ఇంకో తలకాయ ముక్క కూడా ఊరికే కవర్లో వేసింది. ఆయన వెళ్ళిపోయాక నేను ఊరుకోలేదు. "ఆ రోజు నిన్ను అంత మాటన్నవాడి దగ్గర ఎందుకు తీసుకున్నావు? ఒక్కసారి తిరిగి పంపిస్తే తెలిసొచ్చేది కదా!"

అమ్మ బిళ్ళలు చేపనీళ్ళ బకెట్లో వేసి కడుగుతోంది. తలెత్తి నన్ను చూసింది. ఆ చూపులో ప్రేమ ఏమీ లేదు.

"చెల్లుద్దన్నది ఎవరే? నేనే కదా. ఇయ్యాళ నేనే తీసుకోకపోతే ఆ రోజు నేనన్నది అబద్ధం అయిపోదా? ఇచ్చేది ఆయనా, ఇంకొకరా అని కాదు. బిళ్ళదేముంది, పది రూపాయలు. నా మాట చెల్లాలి."

అని లేచి నిలబడింది. చేతులు చీరకి తుడుచుకుని, మార్కెట్టు ఈ కొస నుంచి ఆ కొసకి వినబడేలా కేకేసింది. "పది బిళ్ళలున్నోళ్ళంతా ఇటు రండి! నా దగ్గర చెల్లుతాయి!"